బిగించి కట్టిన వల

వెంకటసుబ్బులు పాకలో గడియారం లేదు. దాని అవసరం ఆవిడకి ఎన్నడూ పడలేదు. సాయంత్రమైందంటే ముందు గోరింకలు వస్తాయి. అవి ఊరికే రావు, తోటంతా తమ పేర రాసిచ్చినట్టు పోట్లాడుకుంటూ వస్తాయి. వాటి వెనక చిలకలు. చిలకలు తినేది తక్కువ, పాడుచేసేది ఎక్కువ. కాయకో గాటు పెట్టి, నచ్చలేదని కింద పారేసి ఇంకో కాయ మీదికి పోతాయి. వాటిని తోలేసరికి కొంగలు వరసకట్టి ఇళ్ళకి పోతుంటాయి. ఆ వరస కనపడితే పొద్దు గుంకినట్టే. మోటారు షెడ్డు కప్పులోంచి పైడికంటె గుడ్లగూబ తల బయటపెట్టి, ఇంకా ఇక్కడే ఉన్నావా అన్నట్టు ఆవిణ్ణి ఓసారి చూస్తుంది. ఆ తర్వాత పిట్టలవానిపాలెం దిక్కునుంచి, ఒకటీ రెండూగా మొదలై గుంపుగా, గబ్బిలాలు వస్తాయి.

బాపట్ల నుంచి సూర్యలంక పోయే రోడ్డు పక్కన ఇసకనేలలో ఉంది ఆ తోట. పద్దెనిమిది సపోటా చెట్లు, ఒక బావి, ఒక మోటారు షెడ్డు, దాన్ని ఆనుకుని తాటాకు పాక. పాకలో సుబ్బులు ఒక్కతే ఉంటుంది. మిగతా రోజుల్లో పాదులు చేసి నీళ్ళు కడుతుంది. కాపు దిగే వేసవిలో మాత్రం పిట్టల్నీ గబ్బిలాల్నీ తోలడమే పని. చేతిలో సొట్టలుపడ్డ డాల్డా డబ్బా ఒకటి, సరుగుడు పుల్ల ఒకటి. ఏడేళ్ళుగా అదే డబ్బా.

"వచ్చారా దొంగసచ్చినోళ్ళు! నిన్న మెక్కింది అరిగిందా అప్పుడే?" అని డబ్బా వాయిస్తుంది. గబ్బిలాలు టపటపా లేచి తోట చుట్టూ ఓ చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వస్తాయి. ఆవిడ మళ్ళీ వాయిస్తుంది. "ఏమే, నీకు వేరే చెప్పాలా? పిల్లని వేసుకుని ఆ చివరి కొమ్మకి పోకపోతే ఏం?" అని ఒకదాన్ని పట్టుకుని ప్రత్యేకంగా తిడుతుంది. చెవి చిరిగినది ఒకటుంది, దాన్ని మేస్త్రీ అంటుంది. అన్నిటికన్నా ముందొచ్చేదాన్ని పెళ్ళిపెద్ద అంటుంది.

రోజు మొత్తంలో ఆవిడ నోరు తెరిచి మాట్లాడేది ఆ ఒక్క గంటే. పగలు పలకరించే మనిషి ఉండడు. ఎండుపుల్లలు ఏరుకోవడానికి కొండమ్మ వచ్చిన రోజున మాత్రం నాలుగు మాటలు దొర్లుతాయి. మబ్బు పట్టి గబ్బిలాలు రాని సాయంత్రం సుబ్బులుకి ముద్ద దిగదు. తోలడానికి పెట్టిన మనిషి వాటికోసం ఎదురుచూడటం ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వనీండి. ఎదురుచూసేది, అంతే.

పాక ముందున్న చెట్టు కాపలా మనిషిది. తోట ఆసామి ప్రకాశం మాస్టారు ఊళ్ళో ఉంటారు. కాపు ఎవరికి అమ్మినా ఆ ఒక్క చెట్టూ మినహాయించి అమ్ముతారు. సుబ్బులు ఆ కాయలు బుట్టకెత్తి రోడ్డుపక్కన అమ్ముకుని ఉప్పూ కిరసనాయిలూ తెచ్చుకుంటుంది. ఒక్క కాయ నోట్లో వేసుకున్న పాపాన పోలేదు.

ఆ ఏడు, అంటే ఎనభై ఎనిమిదిలో, కాపు కొన్నది చెంచురామయ్య. తెనాలిలో పళ్ళ మండీ ఉంది ఆయనకి. మే నెల మొదటి గురువారం పొద్దున్నే ఒంటెద్దు బండి మీద ఆకుపచ్చ నైలాను వలలు గుట్టగా వేయించుకుని దిగాడు. వెనక సరుగుడు గడలు మోసుకుంటూ ఆయన మనిషి యలమంద.

"సుబ్బులత్తా! ఇటు రా. ఏంటో చెప్పుకో చూద్దాం."

చెంచురామయ్యకి పనిపడ్డప్పుడు సుబ్బులు అత్త అవుతుంది. పని తీరాక ఉత్త సుబ్బులు. ఆవిడకి అది తెలియనిదేం కాదు.

"వలలు," అంది. దగ్గరికి రాలేదు.

"రేవులో పాతబడ్డవి ఇస్తుంటే తెచ్చా. చెట్లమీద కప్పేస్తే పిట్టా రాదు, గబ్బిలమూ రాదు. మా యలమందకి కట్టడం రాదు. మీరంటే పుట్టడమే వలల్లో పుడతారు. ముందు మూడు చెట్లకి కట్టి చూడు. పనిచేస్తే అన్నిటికీ కడదాం."

"మరి నేను?"

"నీకేం? రోజూ గొంతు పోయేట్టు అరిచే బాధ తప్పుతుంది. విశ్రాంతి తీసుకో!" అని నవ్వాడు.

ఆ విశ్రాంతి ఎక్కడుందో సుబ్బులుకి బాగా తెలుసు. రేపల్లె అవతల చెల్లెలు అచ్చమ్మ ఇంటి వసారాలో, ఎండుచేపల బుట్టల పక్కన. అక్కడ తొమ్మిదిమంది ఉంటారు. పండక్కి వెళ్ళినప్పుడు చూసింది. తొమ్మిదిమందిలో ఏ ఒక్కరూ ఆవిడ కూర్చున్న వైపు తిరిగి మాట్లాడలేదు. ఒంటరితనం తోటలో కన్నా ఆ వసారాలో ఎక్కువ. ఈ పాక పోతే ఆవిడకి ఇక మిగిలింది ఆ మూలే.

అయినా కాపు ఆయనది, కాపలా ఆయన ఇష్టం. కాపు కొన్నవాడు ఎవర్ని పెట్టమంటే వాళ్ళనే మాస్టారు పాకలో ఉంచుతారు. సుబ్బులు పాకలోకి వెళ్ళి చూరులో గుచ్చిన వెదురు సూది తీసింది. అది మొగుడు ముత్యాలరావుది. ఉప్పెనలో అతనూ పోయాడు, పడవా పోయింది, వలా పోయింది. వల అల్లే ఆ సూది ఒకటే పోలేదు. పదకొండేళ్ళుగా ఆవిడ వల ముట్టుకోలేదు.

ముట్టుకున్నాక మాత్రం చేతులు ఆవిడ మాట వినలేదు. వలలో చిరిగిన కళ్ళు వెతుక్కుంటూ వాటంతట అవే పోయాయి. ఒక్కో కన్నూ వేలిమీద కొలిచి, దారం చుట్టి, ముడివేసి, పంటితో తెంపుతూ మధ్యాహ్నానికి మూడు వలలు బాగుచేసింది. యలమంద గడలు పాతాడు. చెట్టు తలమీంచి వల కప్పి, అంచులు గడలకి కట్టుకుంటూ వచ్చింది సుబ్బులు. ముడికీ ముడికీ మధ్య రెండు జానల వల వదులుగా వదిలింది. గాలి వీస్తే వల పొంగి, మళ్ళీ లోపలికి వాలి, ఊపిరి తీసుకుంటున్నట్టుంది.

"అబ్బ, ఎంత చక్కగా కట్టావమ్మా!" అన్నాడు యలమంద నోరు తెరిచి.

సుబ్బులుకి మనసులో సంతోషమే వేసింది. ఎందుకు దాచాలి? ఎన్నేళ్ళకో చేతికి తెలిసిన పని తగిలింది. ఆ సాయంత్రం మిగతా చెట్లమీద డబ్బా వాయిస్తూ కూడా వలల వైపే చూసుకుంది. చీకటి చిక్కబడ్డాక వల వైపు ఏదో పెనుగులాట వినిపించింది. గాలేమో అనుకుని పాకలోకి పోయి పడుకుంది.

తెల్లవారి చూస్తే గబ్బిలాలు వలలో వేలాడుతున్నాయి.

ఏడు చచ్చి ఉన్నాయి. కొన్నిటి రెక్కలు పుల్లల్లా విరిగి, వల కళ్ళల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయి. ఒకటి దారం కొరుక్కుంటూ కొరుక్కుంటూ నోట్లో దారంతోనే పోయింది. దాని చెవి చిరిగి ఉంది. సుబ్బులు "అయ్యో, మేస్త్రీ!" అంది. అని, అక్కడే ఇసకలో కూలబడింది.

అప్పుడు వినపడింది సన్నగా కీచుమని. పైన ఎనిమిదోది బతికే ఉంది. ఒక రెక్క పూర్తిగా చుట్టుకుపోయింది. రెండో రెక్క కింద, రొమ్ముని కరుచుకుని చిన్నపిల్ల. నిచ్చెన తెచ్చి వేసుకుని ఎక్కింది సుబ్బులు. వలలోంచి ఏదైనా తియ్యాలంటే లాగకూడదు, అది ఎటునుంచి వచ్చిందో అటే వెనక్కి పంపాలి. ఒక్కో కన్నూ వేలితో ఎత్తి, రెక్క ఎముక మీంచి జార్చి, గోటితో దారం వదులు చేస్తూ పోయింది. అది బొటనవేలు కండ పట్టి కొరికింది. "కొరుకు తల్లీ, కొరుకు. బుద్ధొచ్చిద్ది నాకు," అంది గాని చెయ్యి తియ్యలేదు. చివరి కన్ను వదిలాక అది ఆవిడ చీర మీదే కాసేపు పాకింది. నక్కమూతి పైకెత్తి చూసింది. పిల్లతో సహా ఎగిరి, తూలి, రోడ్డవతల సరుగుడు తోటలోకి వెళ్ళిపోయింది.

కొండమ్మ వచ్చేసరికి సుబ్బులు వేలు పట్టుకుని నిచ్చెన కింద కూర్చుని ఉంది. కొండమ్మ పసుపు తెచ్చి అద్ది, కొంగు అంచు చింపి కట్టింది.

"ఏంటొదినా ఇది? కాయకి కాపలా అన్నావు గందా!"

"కాపలా కట్టలేదే నేను. చేపకి కట్టా." సుబ్బులు వల వైపు చెయ్యి చూపింది. "చేప వలకి కడుపుండాల. వదులుంటేనే చిక్కుద్ది. బిగిస్తే తగిలి పక్కకి పోద్ది. నా చేతులకి తెలిసింది అదొక్కటే. చెట్టుకి కడుతున్నానన్న గ్యానం లేదు నాకు."

"నువ్వు కావాలని కట్టలేదుగా."

"కావాలని కట్టలా. సంబరపడతా కట్టా." ఆవిడకి తన చేతుల మీద తనకే అసహ్యం పుట్టింది.

చెంచురామయ్య తొమ్మిదింటికి వచ్చాడు. చెట్టు చెట్టూ తిరిగి చూశాడు. మూడు చెట్లమీద ఒక్క కాయ కూడా గాటు పడలేదు. చచ్చినవాటిని చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"శెభాష్ అత్తా! వలలు వీటిని రాకుండా చేస్తాయనుకున్నా నేను, నువ్వు ఏకంగా పనిపట్టావు. ఉబ్బసానికి మందని వీటిని తీసుకెళ్ళేవాడు ఒకడున్నాడు బాపట్లలో, రోజూ అడుగుతుంటాడు. యలమందా, గోతంలో వెయ్యి వీటిని."

"బాబూ, ఇవి అట్టా..."

"విను. నేను తెనాలి వెళ్ళి మంగళవారం వస్తా. ఈలోపల మిగతా చెట్లన్నిటికీ ఇట్టాగే కట్టు. రేపటినుంచి నీ పనేంటంటే, పొద్దున్నే పడ్డవాటిని తియ్యడం, తెగిన కళ్ళు అల్లడం. నీలా అల్లేవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు? ఈ కాపే కాదు, వచ్చే ఏడు కాపూ నాదే. నువ్విక్కడే ఉండు. మాస్టారితో నేను చెబుతా."

నిన్న పోతుందనుకున్న పాక ఇవాళ నిలబడింది. సుబ్బులు చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడింది. ఆవిడ ఒప్పుకుందనుకుని ఆయన రోడ్డెక్కాడు.

ఆ సాయంత్రం కొంగలు పోయేదాకా కూడా ఆగకుండా ఆ మూడు చెట్ల అంచులూ విప్పి పైకి చుట్టేసింది. గబ్బిలాలు వచ్చాయి. ముందులా తిట్టబోయింది గాని నోరు రాలేదు. ఊరికే డబ్బా వాయించింది. పెళ్ళిపెద్ద కూడా కనపడలేదు. వచ్చినవాటిలో ఉందేమో, తనకే ఆనవాలు తెలియలేదేమో. ఆవిడ చాలాసేపు అదే ఆలోచించింది.

శనివారం పొద్దున్న యలమంద కొత్త గడలు పాతుతుంటే సుబ్బులు మొదటి చెట్టు దగ్గర వల అంచు పట్టుకుని నిలబడింది. ఒక ముడి వేసింది. రెండో గడ దగ్గర చెయ్యి అలవాటుగా రెండు జానలు వదిలింది. ఆగింది.

వదిలితే పాక ఉంటుంది. రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి చచ్చినవాటిని ఏరడం, మధ్యాహ్నం కళ్ళు అల్లడం, సాయంత్రం ఆకాశం కేసి చూస్తూ ఇవాళ ఎవరి వంతో అనుకోవడం. బిగిస్తే గబ్బిలం తగులుతుంది, వెనక్కి తిరిగి పోతుంది. నాలుగు రోజులు తగిలాక అసలు రావడమే మానేస్తుంది. అవి రాని తోటకి తోలే మనిషెందుకు? ఇందులో ఆవిడకి తెలియనిది ఏదీ లేదు.

"ఏంటమ్మా, వల అందలేదా?" అన్నాడు యలమంద.

"అందింది. ఆ తాడు అందుకో. గట్టిగా లాగు."

"గట్టిగానా? మొన్న వదులుగా..."

"మొన్న తప్పు కట్టా. లాగు నువ్వు."

వల అంచులో తాడు ఎక్కించి, గడని కాలితో తన్నిపట్టి, ఇద్దరూ వెనక్కి వాలి లాగారు. కొమ్మలకి తగలకుండా వల జానెడు ఎత్తులో బిర్రుగా నిలిచింది. వేలితో కొడితే డప్పులా పలికింది. సుబ్బులు తాడు అరచేతికి చుట్టుకుని ముడి వేసింది. పసుపు కట్టు తడిసి నెత్తురు పట్టింది. మొన్నటి మూడు చెట్లకీ విప్పి మళ్ళీ కట్టింది. శనివారం, ఆదివారం, సోమవారం, మూడు రోజులూ పొద్దున్నించి పొద్దుగూకేదాకా అదే పని. ప్రతి ముడికీ ఒక్క క్షణం ఆగేది. ఆగి, బిగించేది. యలమందకి ఆ ఆగడం ఎందుకో అర్థం కాలేదు, ముసలితనం అనుకున్నాడు.

పదిహేడు చెట్లయ్యాక యలమంద పాక ముందు చెట్టు దగ్గరికి గడ మోసుకొచ్చాడు.

"దానికొద్దు. అది నాది."

"నీ కాయలు నువ్వు కాపాడుకోవా?"

"మా రేవులో పెద్ద వల లాగేటప్పుడు దారినపోయేవాడు తాడు పట్టినా పడిన చేపల్లో వాడికో పాలు పెట్టేవాళ్ళం. ఒట్టి చేతుల్తో పంపేవాళ్ళం కాదు." గడ తీసుకెళ్ళమని చెయ్యి ఊపింది. "ఏడేళ్ళు నాతో ఉన్నాయి ఇవి. పాలు పెట్టొద్దూ?"

యలమంద నవ్వాడు గాని గడ వెనక్కి మోసుకుపోయాడు.

మంగళవారం చెంచురామయ్య దిగాడు. గోతం పట్టుకుని వచ్చాడు. పదిహేడు చెట్లూ చుట్టి వచ్చాడు. కాయ ఒక్కటి రాలలేదు. వలలో ఒక్క రెక్క లేదు.

"ఏంటి సుబ్బులూ, ఒక్కటీ పడలేదే?"

అత్త పోయింది. సుబ్బులుకి నవ్వొచ్చినంత పనయింది.

"పడవండి. బిగించి కట్టా."

ఆయన వల మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. వల ఆయన చేతిని వెనక్కి నెట్టింది.

"నేను కట్టమన్నది మొన్నటిలాగా కదా! ఎందుకు బిగించావు?"

"కాయకి కాపలా కావాలన్నారు. కాయకి కాపలా కట్టా. కాయ పోయిందేమో చూసుకోండి."

ఆయన మళ్ళీ చెట్లవైపు చూశాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గాని కాయలు నిండుగా కనపడుతుంటే కోపం కుదరలేదు. గోతం మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"సర్లే, ఇదీ మంచిదే. గబ్బిలం రాదు, వల తెగదు." ఏదో లెక్క తేలినట్టు తల ఊపాడు. "అయితే ఇక తోలే పనీ లేదు, అల్లే పనీ లేదు. పాకలో యలమంద పడుకుంటాడు, కాయ కోసేవాడు ఎట్టాగూ ఉండాల్సిందే. నువ్వు రేపు బయల్దేరు. పొద్దున బండికి తెనాలి పోతే అక్కడ రేపల్లె బండి దొరుకుతుంది."

"అట్టాగేనండి."

"తెలివితక్కువదానివి సుబ్బులూ. వదులుగా కట్టుంటే నీకే లాభం."

"తెలుసండి," అంది సుబ్బులు.

చెంచురామయ్య ఆవిడ వంక ఒకసారి తేరిపార చూశాడు. తెలిసి చేసిందని అప్పటికి గాని ఆయనకి తట్టలేదు. చెప్పుల్లో ఇసక దులుపుకుని, "నీ చెట్టు కాయలు కోసుకుపో. రేపటి తర్వాత నన్నడగొద్దు," అనేసి రోడ్డెక్కాడు.

కొండమ్మ మధ్యాహ్నం బుట్ట తెచ్చింది. "లే ఒదినా, కోసేద్దాం. చెల్లెలింటికి ఒట్టి చేతుల్తో పోతావా?" అంది. సుబ్బులు కదల్లేదు. "రేపు చూద్దాంలే," అంది. కొండమ్మ కాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుని, బుట్ట అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

మూట కట్టడానికి ఎంతసేపో పట్టలేదు. రెండు చీరలు, ఒక చెంబు, ఒక కంచం. వెదురు సూది చూరులోంచి తీసి చీర మడతలో పెట్టింది.

సాయంత్రం గోరింకలు వచ్చాయి. బిగువు వలల మీద వాలి, గెంతి, లోపలికి దారి లేక తిట్టుకుంటూ పోయాయి. చిలకలు ఒక చుట్టు తిరిగి జీడితోటల వైపు తిరిగాయి. కొంగల వరస పోయింది. పైడికంటె తల బయటపెట్టింది. సుబ్బులు డాల్డా డబ్బా తెచ్చి పాక ముందు బోర్లించి దానిమీద కూర్చుంది. ఏడేళ్ళలో ఆ గంటలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

చీకటి పడుతుండగా గబ్బిలాలు వచ్చాయి. మునుపటంత గుంపు కాదు. మొదటి చెట్టు వలకి ఒకటి తగిలింది. ధబ్బుమని చిన్న చప్పుడు, అది వెనక్కి తిరిగి లేచింది. రెండోది తగిలింది. లేచింది. తగిలిన ప్రతిసారీ ఆవిడ సగం లేచి చూసింది. ఏదీ చిక్కుకోలేదు. రెండు వరసల చెట్లూ వెతుక్కుని వెతుక్కుని, ఇక పోతాయేమో అనుకుంటుండగా ఒకటి పాక ముందు చెట్టు కనుక్కుంది. ఇంకొంచెం సేపటికి అన్నీ అక్కడే ఉన్నాయి.

కొమ్మలు ఊగాయి. కీచులాట మొదలైంది. నీదంటే నాదని రెక్కలతో కొట్టుకోవడం, తలకిందులుగా వేలాడుతూనే రెండు కాళ్ళ మధ్య కాయ పట్టుకుని నమలడం, గుజ్జు మింగి పిప్పి ఉమ్మడం. ఇన్నేళ్ళూ తోలడానికి చూసిందే గాని, అవి ఎట్లా తింటాయో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇంత దగ్గరగా అసలే చూడలేదు. ఒకదాని రొమ్ము కింద నల్లగా ముద్ద ఉన్నట్టనిపించింది. ఆ పిల్లతల్లేనో కాదో చీకట్లో తేలలేదు. అదే అనుకుంది. అనుకుంటే ఏడుపొచ్చింది. ఎవరున్నారని దాచుకోవాలి, తనివితీరా ఏడ్చింది.

పైనుంచి ఒక పండు జారి ఆవిడ ఒళ్ళో పడింది. ఒకవైపు కొరికి ఉంది. తోలుతున్న రోజుల్లో అయితే దానికి ఎన్ని తిట్లు తిట్టేదో. సుబ్బులు దాన్ని చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, కొరకని వైపు తిప్పుకుంది.

"నాకూ పెట్టారా పాలు?" అంది పైకి చూసి.

ఏడేళ్ళలో ఆ చెట్టు పండు ఆవిడ తినడం అదే మొదటిసారి. చాలా తియ్యగా ఉంది.